మీ పేరేంటండీ

సాయంత్రం. గాజు ఫ్యాక్టరీలో పాత సీసాలు ఏరే షెడ్డులో పని ముగించుకుని వచ్చిన తండ్రి పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. స్కూల్లో టీచరుగా పనిచేసే కూతురు గడప మీద కూర్చుని ఉంది.

“ఎంతసేపు కడుగుతావు నాన్నా? తోలు ఊడొస్తుంది.”

“గాజు పొడి అమ్మలూ. కంటికి కనబడదు. మర్చిపోయి మొహం రుద్దుకున్నామనుకో, ఇక రెండు రోజులు కళ్ళు మండుతూనే ఉంటాయి. నువ్వేంటి, నాకంటే ముందే ఇంట్లో ఉన్నావు?”

“పిల్లల్ని స్కూలు దగ్గర దింపేసి ఇటే వచ్చేశాను. తలనొప్పి అని చెప్పాను.”

“నొప్పిగా ఉందా?”

“లేదు.”

“టీ పెట్టనా?”

“నాన్నా.”

“మీ అమ్మ కుట్టు సెంటర్ నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. నేనే పెడతాను ఉండు. పాలు ఉన్నాయో లేవో చూడాలి.”

“నాకు టీ వద్దు.”

“నాకు కావాలి కదా.”

“నువ్వు సాయంత్రం టీ తాగవు. నిద్ర పట్టదంటావు.”

“ఇవాళ తాగుతాను.”

“నా వంక చూడవేం?”

“చూస్తున్నాగా.”

“కుళాయి వంక చూస్తున్నావు.”

“కుళాయి కట్టేస్తున్నాను. నీళ్ళు ఊరికే పోతున్నాయి.”

“పొద్దున జరిగింది...”

“పొద్దున బాగా జరిగింది. పిల్లలు ఎంత బుద్ధిగా ఉన్నారని. ముప్పై ఎనిమిది మంది కదూ? ఒక్కళ్ళు కూడా పచ్చగీత దాటలేదు. మొన్న కాలేజీ వాళ్ళొచ్చారు చూడు, ఫోటోల కోసం గాజు గుట్ట ఎక్కేశారు, దించేసరికి తాతలు దిగొచ్చారు. నీ పిల్లలు చాలా నయం.”

“నిన్ను ఇవాళ సెలవు పెట్టమన్నాను.”

“పెట్టాను.”

“మరి?”

“పెట్టాను. పెట్టి, వెళ్ళాను.”

“అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను కదా.”

“అమ్మ కళ్ళు రేపు కూడా ఉంటాయి.”

“ఇవాళే ఎందుకు తీసుకెళ్ళమన్నానో నీకు... అర్థం కాలేదా?”

“ఎందుకు కాదు. అయింది.”

“ఎప్పుడు?”

“నువ్వు చెబుతున్నప్పుడే. అమ్మ కళ్ళ గురించి గోడ వంక చూస్తూ చెప్పావు.”

“అర్థమయ్యి కూడా వచ్చావా?”

“నీ ముందుకి రావాలని కాదు అమ్మలూ. ఒట్టు. ఆకుపచ్చ సీసాల గుట్ట వెనకాల నిలబడదామనుకున్నాను. నువ్వు టీచరువై ఆరేళ్ళయింది. పిల్లలకి చెబుతుంటే ఎలా ఉంటావో నేనెప్పుడూ చూడలేదు. దూరం నుంచి ఒక్కసారి చూసేసి, వెనక గేటు నుంచి వచ్చేద్దామనుకున్నాను.”

“మరి ఎందుకు బయటికొచ్చావు?”

“నేను రాలేదు. సూపర్‌వైజరు పట్టేశాడు. ‘ఏంటి పెద్దాయనా, ఇక్కడ నక్కావు? పిల్లలకి నువ్వు చెబితేనే బాగుంటుంది, రా’ అని భుజం పట్టుకుని లాక్కొచ్చాడు. రానంటే ఎందుకంటాడు. ఎందుకంటే ఏం చెప్పను?”

“ఆయనకి తెలుసా? నేనెవరో?”

“తెలీదు. ఆయనొచ్చి రెండు నెలలు కూడా కాలేదు.”

“హమ్మ...”

“అను. పర్లేదు.”

“నేనేమీ అనలేదు.”

“సరే. అమ్మలూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. బాగా చెప్పానా?”

“ఏంటి?”

“పిల్లలకి. బాగా చెప్పానా? నీకు తెలుస్తుంది కదా, అదే నీ పని.”

“నేనేం మాట్లాడదామని కూర్చున్నాను, నువ్వేం అడుగుతున్నావు నాన్నా?”

“ఊరికే అడిగాను. వద్దంటే వద్దులే.”

“బాగా చెప్పావు.”

“ఏది బాగుంది?”

“పింగాణీ ముక్కది.”

“అది నాకూ నచ్చింది. పిల్లలు అందరూ ముందుకి వంగారు, చూశావా? గోరంత ముక్క. గాజు ముక్కల్లో కలిసిపోతే గాజులాగే ఉంటుంది. గాజంతా కరిగినా అది కరగదు. కొత్త సీసా ఒంట్లో రాయిలా కూర్చుంటుంది. ఎప్పుడో ఒకరోజు ఎవరి చేతిలోనో ఆ సీసా ఫట్‌మంటుంది. అందుకే, అయస్కాంతం మూతల్ని లాగేసినా, జల్లెడ మట్టిని దులిపేసినా, గాజు కదిలే బెల్టు పక్కన ఇంకా మనుషులు కావాలి అన్నాను. ఆ పిల్ల అడిగింది చూడు, రెండు జడల పిల్ల...”

“‘తాతా, ఇంత కష్టపడి ఏరడం ఎందుకు, కొత్త గాజే చేసుకోవచ్చు కదా’ అని.”

“అదీ ప్రశ్నంటే. నాకు ఇన్నేళ్ళలో ఎవరూ వెయ్యలేదు.”

“నువ్వు వాగు గురించి చెప్పావు.”

“మరి గాజంటే ఇసుకే కదా. ఇసుక కోసం వాగుని తవ్వి తవ్వి ఏం చేశారో వాళ్ళు చూడలేదు, చిన్నపిల్లలు. నేను చూశాను. పైగా ఇసుక కరగాలంటే ఫర్నేసు మండిపోవాలి. పాత గాజు కలిపితే అంత మంట అక్కర్లేదు, అంత పొగా ఉండదు. పగిలిన సీసా మళ్ళీ సీసా అవుతుంది, మళ్ళీ పగిలితే మళ్ళీ అవుతుంది, ఎన్నిసార్లయినా. ‘మీ ఇంట్లో సీసా కడిగి విడిగా పెట్టారంటే, వాగులో అంత ఇసుక మిగిల్చినట్టే’ అన్నాను. అది ముందు అనుకున్నది కాదు. అప్పటికప్పుడు వచ్చింది.”

“అది క్లాసులో బోర్డు మీద రాయొచ్చు.”

“రాస్తావా?”

“రాస్తాను.”

“ఎవరన్నారని రాస్తావు?”

“నాన్నా, వద్దు.”

“ఊరికే అడిగాను.”

“నువ్వు ఆ ఖాళీ స్థలం గురించి చెప్పకుండా ఉండాల్సింది.”

“ఏ స్థలం?”

“మార్కెట్ వెనకది. తెలీనట్టు అడక్కు.”

“అది చెప్పకపోతే ఎలా? ఆ పిల్లలు పొద్దస్తమానం ఆడుకునేది అక్కడే. ఒకప్పుడు ఊళ్ళో సీసాలన్నీ అక్కడే పగిలేవి, అడుగు పెడితే తెగేది. గేదెలు కుంటుకుంటూ వచ్చేవి. షెడ్డు పెట్టాక, గాజు తెస్తే తీసుకుంటాం అన్నాక, ఆ నాలుగు వీధుల ఆడవాళ్ళూ తట్టలు పట్టుకుని వరసగా కూర్చుని ఏరిపోశారు. తొమ్మిది రోజులు. ఎనిమిది లారీలు. వీధిలో ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళు కూడా ఆ తొమ్మిది రోజుల్లో మాట్లాడుకున్నారు. ఇప్పుడక్కడ చెప్పుల్లేకుండా పరిగెడుతున్నారంటే ఊరికే వచ్చిందా? వాళ్ళకి తెలియాలా వద్దా?”

“స్థలం గురించి కాదు. కాలు గురించి చెప్పావు.”

“ఆఁ.”

“‘మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు అక్కడే అరికాలు తెగింది, తొమ్మిది కుట్లు పడ్డాయి’ అన్నావు. నేను నీకు రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ కాలు బూటులో పెట్టుకుని.”

“నోట్లోంచి వచ్చేసింది.”

“వచ్చేసిందా, అన్నావా?”

“అన్నాను.”

“ఎందుకు?”

“నువ్వు ఏదో ఒకటి అంటావేమోనని.”

“అన్నాను కదా.”

“అన్నావు.”

“ఆ జడల పిల్ల ‘తాతా, మీ అమ్మాయి ఇప్పుడేం చేస్తుంది’ అంది.”

“అడిగింది. అన్నీ అడుగుతుంది ఆ పిల్ల.”

“నువ్వు నా వంక చూడలేదు. దాని వంకే చూస్తూ ‘చదువు చెబుతుందమ్మా’ అన్నావు. అప్పుడు నేనేమన్నానో చెప్పు.”

“ఇప్పుడెందుకు అదంతా.”

“చెప్పు నాన్నా.”

“‘పిల్లలూ, టైమైంది, వరసలో నిలబడండి’ అన్నావు. టైమైంది కదా మరి.”

“ఇంకా పావుగంట ఉంది.”

“ఉందా? బెల్టు దగ్గర నేను వాచీ పెట్టుకోను.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత బస్సెక్కారు.”

“బస్సెక్కక ముందు.”

“ఉండు, పాలు పొంగుతున్నట్టున్నాయి.”

“నువ్వు పొయ్యి వెలిగించనే లేదు.”

“అవునా.”

“పిల్లల చేత థాంక్స్ చెప్పించాలి. హెడ్ మేడమ్ పక్కనే ఉంది, నా వంకే చూస్తోంది. నేను నీ దగ్గరికి వచ్చి ‘మీ పేరేంటండీ’ అన్నాను.”

“అడిగావు. చెప్పాను.”

“మాస్కు కిందికి లాగి, ఎవరో కొత్తవాళ్ళకి చెప్పినట్టు చెప్పావు.”

“మాస్కులోంచి చెబితే సరిగ్గా వినబడదు.”

“ఇంటిపేరు చెప్పలేదు.”

“నీదీ అదే కదా. ఎవరైనా పట్టేస్తారేమోనని.”

“నాన్నా...”

“ఊరుకో. ఊరుకో, గేటు తీసిన చప్పుడైంది. అమ్మ. మొహం తుడుచుకో. ఇదిగో తువ్వాలు.”

“ఇద్దరూ పెరట్లో చేరారేంటి? వీధి తలుపు బార్లా తీసుంది. ఏమే, నువ్వప్పుడే వచ్చేశావా? ఆ మొహం ఏంటి? ఏడ్చావా?”

“లేదమ్మా. దుమ్ము.”

“గాజు పొడి. మాస్కు జారిపోయింది దీనికి పొద్దున. కడుక్కోమన్నాను.”

“ముందే చెప్పి పంపించొద్దూ మీరు? సరే, చెప్పండి, ఎలా జరిగింది? దారంతా అదే ఆలోచన నాకు. పక్క మిషను ఆవిడతో కూడా చెప్పాను, ఇవాళ మా అమ్మాయి పిల్లలందర్నీ వాళ్ళ నాన్న పనిచేసే చోటికి తీసుకెళ్ళిందని. సెలవు పెట్టానంటే నవ్వుకున్నాను లెండి, మీరాగితేగా. పిల్లలు ఏమన్నారు మిమ్మల్ని చూసి?”

“ఏమంటారు. తాతా తాతా అని ఒకటే గోల.”

“దీన్నేమంటారు?”

“మేడమ్. ప్రతిదానికీ మేడమే. నేనూ మేడమ్ అన్నాను.”

“మీరెందుకండీ?”

“డ్యూటీలో ఉన్నప్పుడు పద్ధతి పద్ధతే.”

“కన్నకూతుర్ని మేడమ్ అనడం ఏం పద్ధతో. నీకు నవ్వు రాలేదుటే?”

“వచ్చిందమ్మా. నవ్వాను.”

“మీ హెడ్ మేడమ్‌కి చూపించావా మరి నాన్నని? నోరు తెరవ్వేంటి?”

“దాన్నడుగుతావేం, నన్నడుగు. ఆవిడ నాకు నమస్కారం పెట్టింది. ‘ఇంత వివరంగా మాకెవరూ చెప్పలేదండీ’ అంది.”

“నిజంగా?”

“అవునమ్మా. ఆ మాట అంది.”

“ఎందుకనదు? ఈయన మొదలుపెడితే సీసాకి కూడా జాలేస్తుంది. మరి మీ షెడ్డు వాళ్ళకి పరిచయం చేశారా దీన్ని? ఆ లోడరు నడిపే ఆవిడ ఎక్కడ కనబడినా ఒకటే మాట, పాపని ఒకసారి తీసుకురా వదినా, చూస్తాం అని.”

“చేశాను, చేశాను. అందరూ చూశారు.”

“ఏమన్నారు?”

“ఏమంటారు. బాగుందన్నారు.”

“చూడవే మీ నాన్న వాలకం. తల ఎత్తట్లేదు. సిగ్గు. ఎవరైనా కూతుర్ని మెచ్చుకుంటే ఈయనకి సిగ్గొచ్చేస్తుంది.”

“ఎదురింటి వాళ్ళ కర్టెన్లు తెచ్చావా? ఆవిడ రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళింది.”

“తెచ్చాను, సంచీలో ఉన్నాయి. ఇచ్చేసి వస్తాను. వచ్చాక మొదట్నుంచీ చెప్పాలి ఇద్దరూ. ఒక్క ముక్క వదలడానికి వీల్లేదు.”

“సరే, సరే. ముందు వెళ్ళిరా.”

“వెళ్ళిందా నాన్నా?”

“వెళ్ళింది.”

“అమ్మతో అబద్ధాలు చెప్పావు.”

“ఏవి? తాతా అన్నారు కదా. మేడమ్ అన్నాను కదా. మీ హెడ్ మేడమ్ నమస్కారం పెట్టింది కదా. అన్నీ జరిగినవే.”

“నేను కూడా అంతే నాన్నా. అలాగే మొదలైంది నాది. చేరిన కొత్తలో స్టాఫ్ రూములో ‘మీ నాన్నగారేం చేస్తారు’ అన్నారు. గాజు ఫ్యాక్టరీలో అన్నాను. ‘మేనేజరా’ అంది ఒకావిడ. నేను టీ తాగుతున్నాను. కప్పు నోటి దగ్గరుంది. తల ఇలా అయింది.”

“ఎలా?”

“ఇలా. ఊఁ అన్నట్టు.”

“కప్పు పట్టుకుంటే ఎవరి తలైనా అలాగే ఊగుతుంది.”

“నన్ను వెనకేసుకు రాకు. ఆరేళ్ళ నుంచి అదే కప్పు పట్టుకుని కూర్చున్నానా? ఎన్నిసార్లు చెప్పొచ్చు. హెడ్ మేడమ్ ‘మీ నాన్నగారిని అడిగి ఫ్యాక్టరీ చూపించొచ్చు కదా పిల్లలకి’ అన్నప్పుడైనా చెప్పొచ్చు. ‘ఆయన ఆ రోజు ఊళ్ళో ఉండరండీ’ అన్నాను.”

“అందుకా సెలవు.”

“అందుకే.”

“మా మేనేజరుకి చక్కెర జబ్బు. బట్టతల. నన్నాయనతో మార్చేశావా?”

“నవ్వించకు నాన్నా. తిట్టు. నాలుగు తిట్టు.”

“తిట్టడం నాకెప్పుడొచ్చింది? ఎదురింటికి వెళ్ళి అమ్మని పిలుచుకురానా?”

“క్లాసులో నేనే చెబుతాను తెలుసా, ఏ పనీ తక్కువది కాదు అని. చార్టు కట్టించాను. పగిలిన గాజు కాగితంలో చుట్టి, పైన రాసి ఇవ్వాలి, ఏరేవాళ్ళ చేతులు తెగుతాయి అని. అద్దాలు, బల్బులు సీసాల్లో కలపకూడదు అని. మూతలు తీసెయ్యాలి అని. అన్నీ నువ్వు ఇంట్లో అన్నవే. పిల్లల చేత రంగులు వేయించి గోడకి అంటించాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు నన్ను. నీ మాటలు పనికొచ్చాయి నాకు. నువ్వే...”

“అమ్మలూ.”

“నువ్వే పనికిరాలేదు.”

“అలా అనకూడదు. వీధుల్లో జనం ఇప్పుడు చుట్టి ఇస్తున్నారు, తెలుసా నీకు? ఒక్కో పొట్లం మీద పిల్లల చేతిరాత. ‘జాగ్రత్త, గాజు’ అని. జాగ్రత్తకి దీర్ఘం మర్చిపోయి రాస్తారు. మా వాళ్ళలో చెయ్యి తెగినవాళ్ళు ఈ ఏడాది ఇద్దరే. పోయినేడు పదకొండు మంది. అది నీ చార్టు వల్లే. ఆ సంగతి నాకు తెలుసు.”

“ఇప్పుడది చెప్పకు. ఇంకా సిగ్గేస్తోంది.”

“సరే, చెప్పను.”

“బస్సులో ఆ జడల పిల్ల ఏమందో తెలుసా? ‘మేడమ్, ఆ తాత అచ్చం మీలాగే మాట్లాడతాడు. అర్థమైందా, కాలేదా, కాకపోతే కాలేదని చెప్పండి అని మీలాగే అన్నాడు’ అంది.”

“నేనలా అంటానా?”

“అంటావు. నేను కూడా అంటానని ఇవాళ్టిదాకా నాకు తెలీదు.”

“నువ్వేమన్నావు దాంతో?”

“నోరు మూసుకుని కూర్చోమన్నాను.”

“అయ్యో. పిల్లని ఎందుకు?”

“అది కిటికీ వైపు తిరిగిపోయింది. దిగేదాకా అటే చూస్తూ కూర్చుంది.”

“అది మాత్రం తప్పు. నన్నేమన్నా సరే, పిల్లని అనకూడదు. రేపు వెళ్ళగానే దాన్ని దగ్గరికి పిలిచి మాట్లాడు. అది అన్నది ఉన్నమాటే.”

“మాట్లాడతాను.”

“మర్చిపోవు కదా?”

“మర్చిపోను. నాన్నా, ఇందాక అమ్మ అన్న లోడరు ఆవిడ ఎవరు?”

“ఒకావిడ. గాజు ఎత్తిపోసే లోడరు నడుపుతుంది. ఇదివరకు ఊరి బయట చెత్తకుప్పల మీద ఒట్టి చేతుల్తో సీసాలు ఏరుకునేది. ఇప్పుడు బండి నడుపుతుంది. మా అందరికంటే గట్టిగా అరుస్తుంది.”

“నా మొహం తెలుసా ఆవిడకి?”

“ఎలా తెలుస్తావు? నువ్వెప్పుడైనా వచ్చావా అక్కడికి?”

“గోడ వంక చూస్తున్నావు నాన్నా.”

“ఫోటో ఉంది.”

“ఏం ఫోటో?”

“నువ్వు పట్టా తీసుకున్నప్పుడు నల్లకోటు వేసుకుని దిగింది. బట్టలు మార్చుకునే గదిలో నాకొక లాకరుంది. దాని తలుపుకి లోపలివైపు అంటించాను.”

“ఎప్పట్నుంచి?”

“అప్పట్నుంచీ.”

“లోపలివైపు అంటే ఎవరికీ కనబడదు కదా?”

“తలుపు మూస్తే కనబడదు.”

“మూస్తావా?”

“తీసే ఉంచుతాను.”

“అంటే ఇవాళ బెల్టుకి అటూ ఇటూ నిలబడ్డవాళ్ళందరికీ...”

“పద్నాలుగు మంది.”

“పద్నాలుగు మందికీ నేనెవరో తెలుసు.”

“నువ్వు వస్తున్నావని పదిరోజుల ముందే చెప్పేశాను. నువ్వు సెలవు మాట ఎత్తకముందు. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలీలేదు.”

“అందుకేనా నేలంతా కడిగి ఉంది?”

“పొద్దున్నే వచ్చి కడిగారు. లోడరు ఆవిడ తలకి గుడ్డ తీసేసి, దువ్వుకుని వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ జుట్టు మేమెవరమూ చూడలేదు. నువ్వు మాట్లాడటం మొదలుపెట్టగానే బెల్టు ఆపించింది కూడా ఆవిడే, చప్పుడుకి నీ మాట వినబడదని.”

“అందరూ మాస్కులు తీసి నిలబడ్డారు నాన్నా.”

“ఆఁ.”

“నా కోసమా?”

“మరి మొహాలు కనబడాలి కదా, నువ్వు పలకరిస్తే.”

“నేను పిల్లలకి చూపించాను వాళ్ళని. ‘చూశారా, ఇలా మాస్కులు తీసెయ్యకూడదు, ఇది చాలా తప్పు’ అన్నాను.”

“విన్నాం.”

“వాళ్ళు వెంటనే పెట్టేసుకున్నారు.”

“నువ్వు చెప్పింది నిజమేగా. తియ్యకూడదు.”

“వాళ్ళ ముందు నిన్ను పేరు అడిగాను. నీ పక్కన రోజూ నిలబడేవాళ్ళ ముందు. నాకు కూర్చున్నచోటే భూమిలోకి వెళ్ళిపోవాలనిపిస్తోంది.”

“కూర్చున్నచోట గడపుంది. లే, లోపలికి పద.”

“రేపు వస్తాను.”

“ఎక్కడికి?”

“షెడ్డుకి. పొద్దున నీతోపాటే వస్తాను. ఆ పద్నాలుగు మంది ముందూ చెబుతాను, ఈయన మా నాన్న అని. క్షమించమని అడుగుతాను. అట్నుంచి అటే స్కూలుకెళ్ళి హెడ్ మేడమ్‌కీ, స్టాఫ్ రూములోనూ చెబుతాను. పిల్లలకీ చెబుతాను.”

“స్కూల్లో చెప్పు. చెబితే మంచిదే, నీకే తేలికవుతుంది. షెడ్డుకి మాత్రం రావద్దు.”

“ఎందుకు?”

“దుమ్ము.”

“నాన్నా.”

“పొద్దున్నే లారీలొస్తాయి. ఖాళీ ఉండదు ఎవరికీ.”

“ఖాళీ అయ్యేదాకా కూర్చుంటాను.”

“వద్దన్నాను కదమ్మా.”

“నువ్వు నన్ను క్షమించలేదు.”

“అది కాదు.”

“కాకపోతే రానీ. రేపు నువ్వు వాళ్ళ మధ్య ఎలా నిలబడతావు? అందరూ నీ వంక జాలిగా చూస్తుంటే బెల్టు మీద చెయ్యి ఆడుతుందా నీకు? నా వల్ల అయింది, నేనే వచ్చి సరిచెయ్యాలి.”

“నాకేం ఇబ్బంది లేదు. అక్కడ అంతా సర్దేశాను.”

“ఏం సర్దేశావు?”

“సర్దేశాను. వదిలెయ్యి. అమ్మ వచ్చే వేళయింది.”

“వాళ్ళు అడిగారా నిన్ను?”

“అడిగారు.”

“ఎవరు?”

“లోడరు ఆవిడే. మీ బస్సు వెళ్ళిపోయింది. ఎవరూ బెల్టు మొదలుపెట్టలేదు. ఆవిడ నా దగ్గరికొచ్చి, ఎప్పుడూ అరిచే మనిషి, నెమ్మదిగా ‘అన్నా, మన పాపేనా’ అంది.”

“నువ్వేం చెప్పావు?”

“ఏదో చెప్పాను.”

“ఏం చెప్పావు నాన్నా?”

“వాళ్ళు నిన్నొక మాటనుకోవడం నాకిష్టం లేదు అమ్మలూ. అందుకని... పోలిక ఉంది గానీ, వచ్చినావిడ మన పాప కాదన్నాను. మా అమ్మాయయితే గేటు దగ్గర్నుంచే ‘నాన్నా’ అని పిలుచుకుంటూ వచ్చేదన్నాను.”